రాజీనామా లెటర్ డ్రాఫ్ట్‌లో ఉంది, పంపనా అక్కా?

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది హిందూపురం పక్కన పల్లె. నాకు 33 ఏళ్లు. పదకొండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఆటోమేషన్ టెస్టింగ్ చేస్తాను, ప్యాకేజీ ఏడాదికి 18 లక్షలు. ఇప్పుడున్న కంపెనీలో 2021 నవంబరులో చేరాను. అప్పుడు మొత్తం ఇంటి నుంచే పని. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రావాల్సిందే అంటున్నారు. కసవనహళ్లి నుంచి ఆఫీసు తొమ్మిది కిలోమీటర్లే, కానీ పోవడానికి గంటన్నర, రావడానికి ఒక్కోరోజు రెండు గంటలు. ఎనిమిది నెలలుగా శని, ఆదివారాల్లో లండన్‌లో ఒక చిన్న కంపెనీకి పని చేసి పెడుతున్నాను. నెలకు 65 వేలు వస్తున్నాయి. వారాంతాల్లోనే ఇంత వస్తుంటే, నెలంతా చేస్తే లక్షా ఎనభై వేలు ఎక్కడికీ పోవు కదా. నా ఫ్రెండ్ ఒకడు అనంతపురంలో ఇంట్లో కూర్చుని నెలకు మూడు లక్షలు సంపాదిస్తున్నాడు. నాకూ ఉద్యోగం మానేసి, ఊరికి పోయి, ఫ్రీలాన్సింగ్ చేసుకోవాలని ఉంది. ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, షుగరు, బీపీ ఉన్నాయి. నా భార్య ఇక్కడ స్కూల్లో టీచరు, పాప యూకేజీ. ఆమె ‘నీ ఇష్టం’ అంటోంది, కానీ ఆ అనడంలో ఇష్టం లేదు. మామగారు పట్టుపురుగులు పెంచుతారు. ఆయనేమో ‘అల్లుడు ఏం చేస్తున్నాడని అడిగితే ఏం చెప్పాలి?’ అంటున్నారు. రాజీనామా లెటర్ రాసి డ్రాఫ్ట్‌లో పెట్టుకుని మూడు వారాలైంది. పంపనా? ఇంకో చిన్న ప్రశ్న: ఇంట్లో కూర్చుని పని చేసుకోవడానికి ఎలాంటి కుర్చీ కొనాలి?

– పేరు వద్దన్న తమ్ముడు, కసవనహళ్లి, బెంగళూరు

సమాధానం:

పంపొద్దు. ఎప్పటికీ వద్దని కాదు, ఇప్పుడే వద్దు. డ్రాఫ్ట్‌లో ఉన్నది అక్కడే ఉండనీ, అదేమీ తిండి అడగదు.

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వనే అంటాను. నేనూ ఉద్యోగం మానేసినదాన్నే. ప్రొద్దుటూరు నుంచి 2003లో ఈ ఊరొచ్చాను. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో యూజర్ మాన్యువల్స్ రాసేదాన్ని. 2012లో బయటికొచ్చి అప్పటి నుంచి అదే పని సొంతంగా చేసుకుంటున్నాను. బీటీఎం లేఅవుట్‌లో రెండో అంతస్తు, కిటికీ పక్కన ఒక బల్ల. ఇద్దరు పిల్లల ఫీజులూ ఆ బల్ల మీంచే వెళ్లాయి. అందుకని నిన్ను భయపెట్టి ఆపాలన్న ఉద్దేశం నాకు లేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు ఒక్క కోరికే కనిపించింది. రెండోసారి చూస్తే మూడు ఉన్నాయి. ఆఫీసుకు పోకుండా ఇంటి నుంచి పని చెయ్యాలని ఉంది. ఎవరి కిందా కాకుండా సొంతంగా చెయ్యాలని ఉంది. సొంతూళ్లో అమ్మ దగ్గర ఉండాలని ఉంది. ఈ మూడింటినీ ఒకే మూటలో కట్టి రాజీనామా లెటర్‌గా రాసుకున్నావు. కానీ ఇవి వేర్వేరు తమ్ముడూ. ఉద్యోగంలో ఉంటూనే ఇంటి నుంచి చేసేవాళ్లు ఉన్నారు. ఫ్రీలాన్సర్లయి ఉండి రోజూ క్లయింటు ఆఫీసుకు పోయి కూర్చునేవాళ్లూ ఉన్నారు, నేనే ఒక ఏడాది అలా వైట్‌ఫీల్డ్ దాకా తిరిగాను. నీకు నిజంగా కావాల్సింది వీటిలో ఏది?

నాకు తోచింది చెప్తాను. నీ ఉత్తరంలో మేనేజరు మీద ఒక్క మాట లేదు. పని నచ్చలేదని లేదు. జీతం చాలట్లేదని లేదు. ఫిర్యాదంతా ఆ తొమ్మిది కిలోమీటర్ల మీదే. బెళ్లందూరు దగ్గర బస్సు ఆగితే డ్రైవరు ఇంజన్ ఆపేసి ఫోన్ తీసి వీడియో పెట్టుకునే రోడ్డు అది, నాకూ తెలుసు. అసలు ఇంటి నుంచి పని అనే ఆలోచన పుట్టిందే ఇలాంటి రోడ్డు బాధలోంచి. 1973లో లాస్ ఏంజిలిస్‌లో జాక్ నిల్స్ అనే ఇంజనీరు, రోజూ మనుషుల్ని పని దగ్గరికి మోసుకుపోయే బదులు పనినే మనుషుల దగ్గరికి పంపితే ఎలా ఉంటుందని లెక్కలు వేశాడు. దానికి టెలికమ్యూటింగ్ అని పేరు పెట్టింది ఆయనే. మన దగ్గర అది మామూలు సంగతి కావడానికి 2020 మార్చి దాకా పట్టింది. అప్పటిదాకా కాల్ సెంటర్ల లాంటి కంపెనీలు మనిషిని ఇంటి దగ్గర కూర్చోబెట్టి పని చేయించాలంటే టెలికాం శాఖ రిజిస్ట్రేషన్లు, బ్యాంకు గ్యారంటీలు అంటూ షరతులు ఉండేవి. అదే ఏడాది నవంబరులో వాటిని సడలించారు.

ఇంటి నుంచి చేస్తే పని చెడుతుందనేవాళ్లకు జవాబు కూడా ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఇంకొందరు కలిసి చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్లో తొమ్మిది నెలలు ప్రయోగం చేశారు. ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది, మానేసి పోయేవాళ్లు సగానికి తగ్గారు. ఇక్కడిదాకా అందరూ చెప్తారు. దాని తర్వాతి ముక్క ఎవరూ చెప్పరు. ప్రయోగం అయిపోయాక కావాలంటే ఇంటి దగ్గరే ఉండండి అంటే, వాళ్లలో సుమారు సగం మంది తిరిగి ఆఫీసుకే వచ్చారు. ఒంటరిగా ఉంటోంది అన్నారు. పైగా ఎంత బాగా చేసినా ప్రమోషన్ల దగ్గర ఇంటి నుంచి చేసేవాళ్లు వెనకబడ్డారు. అదే కంపెనీలో తర్వాత చేసిన మరో అధ్యయనం 2024లో అచ్చయింది. అందులో వారానికి రెండు రోజులు మాత్రమే ఇంటి నుంచి. రాజీనామాలు మూడో వంతు తగ్గాయి, ప్రమోషన్లకు దెబ్బ తగల్లేదు.

ఈ కాగితం మీ మేనేజరుకు చూపిస్తే కరిగిపోతాడని నేననను. ఆయన చేతిలోనూ ఏమీ ఉండదు, ఆ బిల్డింగుకు కట్టిన లీజు ఎవరో పైవాళ్ల తలనొప్పి. కానీ నీకిప్పుడు ఒక రోజు ఇల్లు ఉంది. దాన్ని రెండు చెయ్యమని రాతపూర్వకంగా అడిగావా? పదకొండేళ్ల అనుభవం ఉంది, పూర్తిగా ఇంటి నుంచే చేయించుకునే ఉద్యోగాలకు ఒక్క దరఖాస్తయినా పెట్టావా? ఇంకోటి, ఇది చిన్నగా అనిపిస్తుంది గానీ, ఆఫీసు పక్కకి ఇల్లు మారాలని అనుకున్నావా? అడ్వాన్సు, ప్యాకర్లు, పాప స్కూలు వ్యాను, అన్నీ తలనొప్పులే. ఒప్పుకుంటాను. అయినా రోడ్డు బాధకు మందు కోసం జీతాన్నే వదులుకోవడం కన్నా అది చవక. ఈ మూడూ చేసి, అప్పటికీ రాజీనామా చెయ్యాలనే ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం. ఎందుకంటే అప్పుడు నువ్వు రోడ్డు నుంచి పారిపోవట్లేదు, నిజంగానే సొంతంగా పని చేసుకోవాలనుకుంటున్నావు.

సరే, నిజంగానే అనుకుంటున్నావనుకుందాం. ఇక డబ్బు దగ్గరికొస్తాను. నీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ లక్షా ఎనభై వేల లెక్క.

నువ్వు చేసిన గుణకారం నాకు అర్థమైంది. నెలకు ఎనిమిది శని, ఆదివారాలు, 65 వేలు. అంటే రోజుకు సుమారు ఎనిమిది వేల నూట పాతిక. దాన్ని ఇరవై రెండు రోజులతో హెచ్చించావు. గుణకారం తప్పు కాదు, ఆ ఇరవై రెండే తప్పు. ఫ్రీలాన్సరుకు నెలలో ఇరవై రెండు రోజులు అమ్ముడుపోవు. ఏడాదిలో శని, ఆదివారాలు 104 తీసేస్తే 261 రోజులు. పండగలు, జ్వరాలు, పెళ్లిళ్లు, పాప స్కూలు ఫంక్షన్లు, కరెంటు పోయిన రోజులు కలిపి ఇంకో పాతిక తీసెయ్యి. మిగిలిన 236లో కనీసం మూడో వంతు డబ్బు రాని పనికి పోతుంది. కొత్త క్లయింటుకు మెయిల్ రాయడం, కొటేషన్ ఇవ్వడం, ఉచితంగా శాంపిల్ చేసి చూపించడం, బిల్లు పంపడం, ఆ బిల్లు గురించి మళ్లీ గుర్తు చెయ్యడం. నిజంగా బిల్లు వేసుకోగలిగేది నూట యాభై అయిదు రోజులనుకో. నీ ఇప్పటి రేటుకు ఏడాదికి పన్నెండున్నర లక్షలు. నీ ప్యాకేజీ పద్దెనిమిది. అందులో పీఎఫ్‌కు కంపెనీ వేసేది ఉంది, ఇన్సూరెన్సు ఉంది, జీతం కోయకుండా ఇచ్చే సెలవులున్నాయి. సమానంగా రావాలంటేనే నీ రోజు రేటు పదకొండు వేల ఆరు వందలు ఉండాలి. లండన్ వాళ్లను ఈ రేటు అడిగి చూడు. ఊ అంటే అది శుభవార్త. ఉలిక్కిపడితే, నీ పని తీరుకు కాదు నీ చవకదనానికి వాళ్లు నిన్ను పెట్టుకున్నారని తెలుస్తుంది.

ఈ సంగతి నాకన్నా మీ మామగారికి బాగా తెలుసు. ఆయన్ని అడుగు. పట్టుగూళ్లు చేతికొచ్చాక హిందూపురం మార్కెట్‌కో రామనగరకో తోలుకుపోతారు. ఆ రోజు రేటు పడిపోయి ఉంటే ఏం చేస్తారు? ఇంటికి తెచ్చి వచ్చే నెల దాకా దాచుకుంటానంటే కుదరదు, లోపల పురుగు రెక్కల పురుగై గూడు చీల్చుకుని వచ్చేస్తుంది, పట్టు పాడవుతుంది. వచ్చిన రేటుకే అమ్మి రావాలి. మన రోజులూ అంతే. అమ్ముడుపోని మంగళవారాన్ని బుధవారం అమ్మలేం. నా మొదటి ఏడాది జూన్, జూలైల్లో వరసగా ఏడు వారాలు నాకు ఒక్క పని లేదు. ఎనిమిదో వారంలో ఎవరో అడిగితే సగం రేటుకు ఒప్పుకున్నాను. ఆ సగం రేటు రెండేళ్లు నా మెడకు చుట్టుకుంది, ఎందుకంటే అదే క్లయింటు పది మందికి నా పేరు చెప్తూ ఆ రేటే చెప్పింది.

నీ ఫ్రెండ్ సంగతి కూడా అందుకే అడుగుతున్నా. మూడు లక్షలు వచ్చిన నెల నీకు చెప్పాడు. కిందటి పన్నెండు నెలలూ ఒక్కొక్కటీ ఎంత వచ్చిందో అడుగు, పక్కన కూర్చుని కాగితం మీద రాయించుకో. మంచి స్నేహితుడైతే రాస్తాడు. పనులు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా అడుగు. అప్‌వర్క్, ఫైవర్ లాంటి ఫ్రీలాన్సర్లకు పనులు దొరికే వెబ్‌సైట్ల నుంచి అయితే వాళ్ల కమిషన్ పోను ఎంతో చెప్పమను. ఫైవర్‌లో మనకొచ్చే ప్రతి వందలో ఇరవై వాళ్లవే. పైగా అక్కడ నీ పనినే చవగ్గా చేస్తామనేవాళ్లు ప్రపంచం నలుమూలల నుంచీ ఉంటారు, ఇప్పుడు ఏఐ కూడా వచ్చి ఆ వరసలో నిలబడింది. నా రంగంలో చిన్నా చితకా రాత పనులు 2023 తర్వాత చాలావరకు ఎగిరిపోయాయి. మిగిలినవి, ఆ కంపెనీ ప్రొడక్టు లోపల ఎలా పని చేస్తుందో తెలిసినవాళ్లకే వస్తున్నాయి. టెస్టింగ్‌లోనూ స్క్రిప్టు రాసి ఇచ్చే పని ఒకటి, ఏది టెస్ట్ చెయ్యాలో చెప్పే పని ఇంకొకటి. నువ్వు రెండోది అమ్ముతున్నావా, మొదటిదా?

ఇప్పుడు నీకు నచ్చని మాట. ఆ వారాంతపు పని గురించి మీ కంపెనీకి తెలుసా? ఉత్తరంలో ఆ ఊసే లేదు కాబట్టి తెలియదనే అనుకుంటున్నాను. నీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, వేరే పని చెయ్యకూడదు అనే క్లాజు ఉందేమో ఈ రోజే చదువు. దాదాపు అందరికీ ఉంటుంది. 2022 సెప్టెంబరులో విప్రో ఇలా పోటీ కంపెనీలకు పనిచేస్తున్న 300 మందిని తీసేసిందని దాని ఛైర్మనే చెప్పారు. ఆ మరుసటి నెలలో ఇన్ఫోసిస్, ముందుగా అనుమతి తీసుకుంటే బయటి చిన్న పనులు చేసుకోవచ్చని ఉద్యోగులకు మెయిల్ పెట్టింది. అంటే అడిగితే ఒప్పుకునే కంపెనీలు కూడా ఉన్నాయి. ఆఫీసు లాప్‌టాప్ మీద లండన్ పని ఒక్క గంటైనా చేసి ఉంటే వెంటనే ఆపెయ్యి. ఇది నీతుల కోసం చెప్పట్లేదు. రేపు నువ్వు బయటికొచ్చాక నీకు మొదటి పెద్ద పనిచ్చేది నీ పాత మేనేజరే కావచ్చు. నా మొదటి మూడు క్లయింట్లలో ఇద్దరు నా పాత ఆఫీసువాళ్లే. ఆ తలుపు చప్పుడు చేస్తూ మూసుకుని రాకు.

లండన్ వాళ్లొక్కరే నీకు క్లయింటు. ఒక్కరి మీదే నడిచేది ఫ్రీలాన్సింగ్ కాదు, పీఎఫ్ లేని ఉద్యోగం. ఒక రోజు మెయిల్ వస్తుంది, బడ్జెట్ తగ్గింది, వచ్చే నెల నుంచి వద్దు అని. నోటీసు పీరియడ్ ఉండదు. కనీసం రెండో క్లయింటు దొరికి, వాళ్ల నుంచి మూడు బిల్లుల డబ్బు నీ ఖాతాలో పడేదాకా ఆ డ్రాఫ్ట్ తెరవకు. పని దొరకడం కాదు నేనంటున్నది, డబ్బు పడటం.

ఎందుకంటే నాకు జరిగింది ఇది. రెండో ఏడాది ఈ ఊళ్లోనే ఒక కంపెనీకి మూడు నెలలు పని చేశాను, లక్షా నలభై వేల బిల్లు. అకౌంట్స్ ఆయన సెలవులో ఉన్నాడన్నారు. తర్వాత సంతకం పెట్టాల్సిన ఆయన విదేశాల్లో ఉన్నాడన్నారు. ఏడో నెలలో నేనే పోయి రిసెప్షన్లో కూర్చున్నాను, టిఫిన్ డబ్బా పట్టుకుని. సాయంత్రం నాలుగింటికి ఒక కుర్రాడొచ్చి, మేడం తొంభై వేలకు సెటిల్ చేద్దామా అన్నాడు. ఒప్పుకున్నాను. అందులో పది శాతం టీడీఎస్, అంటే మన తరఫున ముందే కట్టే పన్ను, అని కోసి ఎనభై ఒక్క వేలు ఇచ్చారు. ఆ ఏడాది రిటర్ను వేసేటప్పుడు, మన పేరు మీద జమైన పన్ను చూపే 26ఏఎస్ తెరిస్తే వాళ్ల పేరు మీద సున్నా. కోసుకున్నది కట్టనే లేదు. అప్పటి నుంచి నా దగ్గర ఒక రూళ్ల నోటుబుక్కు ఉంది. బిల్లు పంపిన తేదీ, రావాల్సిన తేదీ, వచ్చిన తేదీ, టీడీఎస్ 26ఏఎస్‌లో కనపడిన తేదీ, నాలుగు గళ్లు. నాలుగో గడి నిండేదాకా ఆ పని నా దృష్టిలో అయిపోయినట్టు కాదు.

అప్పట్లో నాకు తెలియనిది నీకు చెప్తాను. బయటికొచ్చే రోజే, మొదటి పని మొదలుపెట్టక ముందే, ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేసుకో. ఆన్‌లైన్లో ఉచితం, డబ్బు అడిగేవాడు మోసగాడు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం కింద చిన్న సంస్థలకు, అందులో ఒంటరిగా చేసుకునే మనమూ వస్తాం, ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లోపు డబ్బివ్వాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఇంకో మెలిక కూడా వచ్చింది. గడువులోగా మనకు చెల్లించకపోతే ఆ ఖర్చును వాళ్లు ఆ ఏడాది పన్ను లెక్కలో చూపించుకోవడానికి లేదు. మార్చి వస్తోందంటే కొన్ని కంపెనీల అకౌంట్స్ వాళ్లు వాళ్లే ఫోన్ చేసి బిల్లులు అడుగుతున్నారు, నమ్ముతావా? ఇదంతా మన దేశపు క్లయింట్లకే. లండన్ వాళ్లు ఎగ్గొడితే నీకు దిక్కు ముందుగా తీసుకున్న అడ్వాన్సు ఒక్కటే. అందుకే మూడో వంతైనా ముందే అడుగు.

ఇక తేదీల సంగతి. నువ్వు చేరింది 2021 నవంబరు. గ్రాట్యుటీకి, అంటే మానేసేటప్పుడు కంపెనీ ఒకేసారి ఇచ్చే డబ్బుకు, ఐదేళ్లు నిండాలి. నీ బేసిక్ 60 వేలనుకుంటే, నెలకు 26 రోజుల లెక్కన, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున ఐదేళ్లకు లక్షా డెబ్బై మూడు వేలు. 2026 నవంబరులో ఐదేళ్లు నిండే తేదీ తర్వాతే నీ ఆఖరి పనిదినం ఉండాలి. ఇన్నాళ్లు ఆ రోడ్డు మీద తిరిగినవాడివి, దీని కోసం కొన్ని నెలలు తిరగలేవా? నాలుగేళ్ల 240 రోజులు చాలన్న కోర్టు తీర్పులూ ఉన్నాయి గానీ, వాటి కోసం కోర్టుకు పోయే ఓపిక నీకెందుకు.

ఇన్సూరెన్సు అయితే నవంబరు దాకా కూడా ఆగొద్దు. అమ్మ ఇప్పుడు మీ కంపెనీ పాలసీలో ఉండి ఉంటే, నీ ఆఖరి రోజుతో అది పోతుంది. బయట కొత్తగా తీసుకుంటే షుగరు, బీపీ లాంటి ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు, ఆలోగా వాటికి క్లెయిమ్ ఇవ్వరు. ఆ గడియారం నువ్వు పాలసీ కొన్న రోజు నుంచి తిరుగుతుంది. అందుకే జీతం వస్తుండగానే సొంత పాలసీ తీసుకో. లేదంటే కంపెనీ పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్సు సంస్థలోనే వ్యక్తిగత పాలసీకి మార్చుకునే వీలుందేమో హెచ్‌ఆర్‌ను అడుగు. ఉన్న జబ్బులు దాచి ఫారం నింపొద్దు, క్లెయిమ్ దగ్గర దొరికిపోతాం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, అదొక్కటి నీకు కలిసొచ్చింది.

పన్నులో మాత్రం మనకు మంచి వెసులుబాటు ఉంది, ఇది చెప్పకపోతే నేను పక్షపాతిననుకుంటావు. ఆడిటర్లు 44ఏడీఏ అని పిలిచే పద్ధతిలో, మన లాంటి వృత్తుల్లో ఉన్నవాళ్లు వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు, ఖర్చుల బిల్లులు దాచుకోనక్కర్లేదు. డబ్బంతా బ్యాంకు ద్వారానే వస్తే 75 లక్షల దాకా ఇది వర్తిస్తుంది. పన్నెండున్నర లక్షలు వస్తే చూపాల్సింది ఆరుంబావు లక్షలు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదు కాబట్టి నీకు సున్నా. ఇప్పుడు నీ జీతం మీద లక్ష దాటి పోతున్నట్టుంది చూడు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి 20 లక్షలు దాటాకే. లండన్ నుంచి వచ్చే డబ్బు ఎగుమతి కింద లెక్క. డబ్బు దేనికి వచ్చిందో చెప్పడానికి బ్యాంకు అడిగే పర్పస్ కోడ్ సరిగ్గా వెయ్యి, వాళ్లిచ్చే రెమిటెన్సు కాగితాలు దాచుకో. ఏ మార్గంలో తెప్పించుకుంటున్నావో కూడా చూసుకో. డాలరు మీద రూపాయిన్నర తక్కువ రేటు వేసినా వెయ్యి డాలర్లకు పదిహేను వందలు కనపడకుండా పోతాయి. ఆడిటర్ని ఒకసారి కలువు. ఇల్లు కొనే ఆలోచన ఉంటే ఆ లోను ఉద్యోగంలో ఉండగానే. సొంత పని వాళ్లను బ్యాంకులు రెండు మూడేళ్ల రిటర్నులు చూపమంటాయి.

ఊరి సంగతి దగ్గర నేను తీర్పు చెప్పలేను, అది మీ ముగ్గురిదీ. అమ్మ కళ్ల ఆపరేషన్‌కి నేను లాప్‌టాప్ పట్టుకుని ప్రొద్దుటూరు పోయాను. ఎవరినీ సెలవు అడగలేదు. ఆస్పత్రి వరండాలో ప్లగ్గు దొరికిన బెంచీ మీద కూర్చుని ఒక చాప్టరు రాశాను కూడా. ఉద్యోగంలో ఉంటే అది జరిగేది కాదు. అయితే ఆ వారం సగం రోజులకు డబ్బు రాలేదు, అదీ నిజమే. కానీ నీ భార్య ఉద్యోగం ఇక్కడుంది. ‘నీ ఇష్టం’ అన్నదాన్ని నువ్వే సరిగ్గా చదివావు. ఆమెను ఊరికి రమ్మంటున్నావంటే నీ రాజీనామాతో పాటు ఆమెతోనూ రాజీనామా చేయిస్తున్నావు. పైగా నువ్వు వదిలేసే జీతం స్థానంలో ఇంట్లో నెల నెలా వచ్చేది ఆమె జీతం ఒక్కటే. అది ఉంటే నీ ప్రయోగానికి ఊపిరి ఉంటుంది. హిందూపురం వంద కిలోమీటర్లు, రైల్లో రెండు గంటల చిల్లర. ముందు ఒక నెల, ఇంటి నుంచి చేసే రోజుకు శని, ఆదివారాలు కలుపుకుని ప్రతి వారం మూడు రోజులు అమ్మ దగ్గరి నుంచి చేసి చూడు. కరెంటు ఎన్ని గంటలు పోతుంది, వీడియో కాల్ మధ్యలో పక్కింటాయన వచ్చి ‘ఏమప్పా, ఈ రోజు డ్యూటీ లేదా’ అని ఎన్నిసార్లు కూర్చుంటాడు, అవన్నీ నీకే తెలుస్తాయి. లండన్‌లో పొద్దున తొమ్మిదంటే మనకు ఎండాకాలం మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలం రెండున్నర. వాళ్ల సాయంత్రం ఆరుకు మనకు రాత్రి పదిన్నర, పదకొండున్నర. ట్రాఫిక్‌లో పోగొట్టుకుంటున్న సాయంత్రాల కోసమే కదా ఇదంతా? పాప ఎన్నింటికి నిద్రపోతుందో ఆ గంట కూడా లెక్కలో వేసుకో.

మామగారికి ఏం చెప్పాలో మాత్రం నాకు తెలుసు. ఫ్రీలాన్సింగ్ అనే మాట వాడకు. ‘ఒక్క కంపెనీకి కాకుండా నాలుగు కంపెనీలకు పని చేస్తున్నా, ఎవరికెంత చేస్తే అంత ఇస్తారు’ అని చెప్పు. తర్వాత ఆ రూళ్ల నోటుబుక్కు ఆయన ముందు పెట్టు, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా ఉందని చూపించు. నెల జీతం ముఖం ఎన్నడూ చూడకుండా ఆడపిల్లను చదివించి టీచర్ని చేసినాయన ఆయన. ఏ పంటకు ఎంత వచ్చిందో, ఏది పోయిందో ఆయన దగ్గరా ఎక్కడో రాసే ఉంటుంది. నీ నోటుబుక్కులో తప్పులు పట్టగలిగేది మీ ఇంట్లో ఆయనొక్కరే.

కుర్చీ. కొత్తది కొనకు. ఈ ఊళ్లో కంపెనీలు తెరిచినంత వేగంగా మూతపడతాయి, వాటి కుర్చీలన్నీ సెకండ్ హ్యాండ్ ఆఫీసు ఫర్నిచర్ షాపులకు చేరతాయి. నడుము దగ్గర ఆనుకునేది, చేతులు పెట్టుకునేవి పైకీ కిందికీ కదిలేది చూసుకుని, పది నిమిషాలు కూర్చుని, బేరమాడి తెచ్చుకో. నాది 2012లో మూతపడిన ఏదో స్టార్టప్‌ది. వెనకాల వాళ్ల అసెట్ నంబరు స్టిక్కరు ఇంకా ఉంది.